రక్త కేన్సర్ చికిత్స ముగిసిన యువత వెంటనే మునుపటి జీవితంలోకి వెళ్లవచ్చా?

పరీక్షల్లో కేన్సర్ కణాలు కనిపించడం లేదని వైద్యులు చెప్పాక వెళ్లవచ్చు గాని, నిదానంగా వెళ్లాలి. 15–39 ఏళ్ల వారిలో తరచుగా కనిపించే హాడ్జ్‌కిన్ లింఫోమా అనే రక్త కేన్సర్ చాలామందికి పూర్తిగా నయమవుతుంది; అయితే దాని చికిత్సలో వాడే డాక్సోరూబిసిన్ అనే కీమో మందు గుండె కండరాన్ని, మెడకూ ఛాతీకీ ఇచ్చే రేడియేషన్ థైరాయిడ్‌ను ఏళ్ల తరువాత కూడా దెబ్బతీయగలవు కనుక, ఏ మందు ఎంత మోతాదులో ఇచ్చారో రాసిన పత్రాన్ని జీవితాంతం భద్రపరచుకొని, కొత్త వైద్యుడి దగ్గరకు వెళ్లిన ప్రతిసారీ చూపించాలి.

నాలుగు మెట్లెక్కి గోడ పట్టుకొని నిలబడిపోయేంత నీరసం నెలల తరబడి ఉండవచ్చు. దాన్ని ఇంట్లోవారే సోమరితనమనుకోవడం చాలా బాధాకరం.

చికిత్స ఇంకా మొదలుకాని వారు మాత్రం, మున్ముందు పిల్లలు కావాలనుకుంటే, వీర్యాన్ని గాని అండాలను గాని నిల్వ చేయించుకొనే వీలు గురించి మొదటి కీమోకు ముందే, బిడియపడకుండా అడగాలి.