అల్యూమినియం మీద నికెల్ పూత ఎందుకు పొంగుతుంది?

అల్యూమినియం బ్రాకెట్లకి నికెల్ ప్లేటింగ్ చేయించి ఆరుబయట బిగిస్తే ఏడాది తిరక్కుండానే పొక్కులొచ్చాయి, కింద తెల్లపొడి కనిపిస్తోంది, పూత మందం పెంచితే సరిపోతుందా అని అడిగారు. కొంతకాలం ఆగుతుంది, అంతే. నేను రెండుసార్లు ఈ దెబ్బ తిన్నాను.

బయట పెట్టే సెన్సార్ల కోసం చిన్న అల్యూమినియం పెట్టెలు చేయించాను. మొదటి విడతకి 10 మైక్రాన్ల ఎలక్ట్రోలెస్ నికెల్ (కరెంటు లేకుండా రసాయన ద్రావణంలో ముంచి వేసే పూత) వేయించాను. గదిలో ఉంచినవి ఇప్పటికీ అద్దంలా మెరుస్తున్నాయి. బయట పెట్టినవాటికి ఒక్క వానాకాలం గడిచేసరికి అంచుల దగ్గర, స్క్రూ రంధ్రాల చుట్టూ బుడిపెలు లేచాయి. గోరుతో గీకితే నికెల్ రేకులా ఊడొచ్చింది. దాని కింద గుంట. ప్లేటింగ్ సరిగ్గా చేయలేదనుకుని రెండో విడతకి 25 మైక్రాన్లు వేయించాను. అవి ఇంకొంత ఎక్కువ కాలం ఆగాయి గానీ, బిగించేటప్పుడు స్పానర్ గీరుకున్న చోట సరిగ్గా అదే కథ మొదలైంది.

మనకి జింకు పూసిన ఇనుము బాగా అలవాటు. దాని మీద గీత పడితే ముందు జింకు కరిగి ఇనుముని కాపాడుతుంది. అల్యూమినియం మీద నికెల్ దీనికి పూర్తిగా తిరగబడి పనిచేస్తుంది. తడి, ఉప్పు తగిలితే ఈ రెండింట్లో తినబడేది అల్యూమినియమే. పూతలో సూదిమొనంత రంధ్రం ఉన్నా, చుట్టూ ఉన్న నికెల్ అంతా కాథోడ్ (కరగకుండా నిలిచే వైపు) అవుతుంది, ఆ చుక్కంత అల్యూమినియం ఆనోడ్ (కరిగిపోయే వైపు) అవుతుంది. అంత పెద్ద ఉపరితలం పుట్టించే కరెంటు మొత్తం ఆ ఒక్క చుక్క మీద పడుతుంది కాబట్టి గుంట వేగంగా లోతుకి దిగుతుంది. పైగా ప్లేటింగ్ పట్టుకోవడానికి ముందుగా వేసే జింకేట్ పొర, అంటే పలుచని జింకు పొర కూడా పక్కలకి కరుగుతూ పోతుంది. అక్కడ తయారయ్యే తెల్లపొడి అసలు లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పూతని కింద నుంచి ఎత్తేస్తుంది. మీరు చూస్తున్న పొక్కు అదే.

అందుకే నేను మందం గురించి అడగడం మానేసి, అసలు ఈ భాగానికి నికెల్ ఎందుకు అని ముందు చూసుకుంటున్నాను. రక్షణ కోసమే అయితే అనోడైజింగ్ (కరెంటుతో అల్యూమినియం మీదే ఆక్సైడ్ పొర పెంచడం) చేయించి, ఆ పొరలోని సన్న రంధ్రాలు మూసుకునేలా సీల్ చేయించండి. అది అల్యూమినియం ఆక్సైడే, రెండో లోహం ఉండదు కాబట్టి పూత వల్ల ఈ గొడవ రాదు. ఎర్తింగ్ కోసం కరెంటు పారాలంటే అనోడైజింగ్ పనికిరాదు, అది ఇన్సులేటర్. ఆ కాస్త చోట క్రోమేట్ కన్వర్షన్ పూత (రసాయనంతో వచ్చే, కరెంటు పారనిచ్చే పలుచని పొర) వేయించి, నీళ్లు చేరకుండా గ్యాస్కెట్ పెడుతున్నాను. టంకం వేయాలి, నికెల్ తప్పదు అనుకుంటే ఫాస్ఫరస్ 10 శాతం పైన ఉన్న ఎలక్ట్రోలెస్ నికెల్ అడగండి, 25 మైక్రాన్లకి తగ్గకుండా. రంధ్రాలు, మరలు అన్నీ ప్లేటింగ్‌కి ముందే పూర్తవ్వాలి. ప్లేటింగ్ అయ్యాక ఒక్క రంధ్రం డ్రిల్ చేసినా పెట్టిన డబ్బంతా వృథా, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. స్టెయిన్‌లెస్ బోల్టులు కూడా అల్యూమినియంతో ఇదే పేచీ పెడతాయి, కింద నైలాన్ వాషర్ వేయండి.

ఇప్పటికే పొంగినవాటి మీద పెయింట్ వేసి లాభం లేదు, లోపల ఉప్పు, తడి అలాగే ఉంటాయి. ఇంకా బాగున్న ముక్కలుంటే వాటిని కడిగి, బాగా ఆరబెట్టి పెయింట్ వేయొచ్చు. కానీ గీత పడిన చోట మాత్రమే వేయకండి, నికెల్ మొత్తం కప్పేయండి. నేను మొదట గీతల మీద మాత్రమే వేశాను. ఆ పెయింట్‌లో ఎక్కడో చిన్న రంధ్రం మిగిలిపోయింది, చుట్టూ నికెల్ అంతా తెరిచే ఉంది, ఆ ఒక్క రంధ్రం దగ్గరే గుంట అవతలి వైపుకి తేలింది.