అమరరాజా, హెరిటేజ్: పీఈ చూసి పోల్చవచ్చా?

అమరరాజా, హెరిటేజ్ కంపెనీల మూలాలు రెండూ ఉమ్మడి చిత్తూరు జిల్లాలోనే కాబట్టి, పీఈ (షేరు ధర ఒక్కో షేరుకొచ్చే లాభానికి ఎన్ని రెట్లుందో చెప్పే లెక్క) తక్కువున్న షేరు కొనేయొచ్చా అని అడిగారు. అలా కుదరదండీ. అమరరాజాది బ్యాటరీల వ్యాపారం, హెరిటేజ్‌ది పాల వ్యాపారం. బ్యాటరీల్లో వాడే సీసం ధర పెరిగితే అమరరాజా లాభం తగ్గుతుంది. పైగా మహబూబ్‌నగర్ దగ్గర లిథియం బ్యాటరీ సెల్స్ ఫ్యాక్టరీకి పదేళ్లలో రూ.9,500 కోట్లు పెడతామని 2022లో ప్రకటించింది. ఆ ఫలితం వెంటనే లాభాల్లో కనబడదు. హెరిటేజ్‌ది వేరే టెన్షన్: రోజూ రైతుల దగ్గర పాలు సేకరించాలి, విరిగేలోపు అమ్మాలి, ఎండాకాలం దిగుబడి తగ్గితే కొనుగోలు ధర పెంచాలి.

పీఈ చూడాలంటే అదే వ్యాపారంలో ఉన్న కంపెనీతో, అంటే అమరరాజాను ఎక్సైడ్‌తో, హెరిటేజ్‌ను దొడ్ల డెయిరీతో పోల్చండి. అమరరాజా, హెరిటేజ్‌లనే పక్కపక్కన పెట్టాలంటే పెట్టుబడిపై రాబడి, అప్పు, పదేళ్ల నగదు రాక చూడండి. కరకంబాడి రోడ్డులో అమరరాజా ఫ్యాక్టరీ రోజూ కనబడుతోందని షేర్లు కొనేవాళ్లూ తిరుపతిలో ఉన్నారు లెండి!