ఎంపీ గారి ఎన్నికల డబ్బు ఎక్కడిదో వెతకాలంటే

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. ఎంపీకి ఎన్నికల ఖర్చుకి డబ్బులు ఎవరిచ్చారో ప్రాజెక్టుగా రాస్తానన్నావు, బానే ఉంది, కానీ టీకొట్టు దగ్గర వినిపించే కోట్ల లెక్కలతో మాత్రం మొదలుపెట్టకు. అందులో నిజం ఉండొచ్చు, కానీ రేపెవరైనా "నీకెవరు చెప్పారు" అంటే చూపించడానికి కాగితం కావాలి కదా. ట్రెజరీలో ఉన్నన్నాళ్లూ ఎన్నికలొస్తే నన్ను అభ్యర్థుల ఖర్చులు చూసే టీములోనే వేసేవారు, అంచేత ఈ కాగితాల సంగతి కొంచెం తెలుసు.

ముందు ఏ ఆఫీసుకెళ్లాలో చూసుకో. మీ ఎచ్చెర్ల శ్రీకాకుళం జిల్లాలోనే ఉన్నా, ఎంపీ ఓటు మాత్రం విజయనగరం సీటుకి. లెక్కలు కూడా విజయనగరం కలెక్టరేట్‌లోనే అడగాలి. ఫలితం వచ్చిన 30 రోజుల్లోగా ప్రతి అభ్యర్థీ, గెలిచినా ఓడినా, జిల్లా ఎన్నికల అధికారికి లెక్క ఇవ్వాలి. 2024లో ఫలితాలు జూన్ 4న వచ్చాయి, అంటే జూలై 4 లోపు. ఎన్నికల నిర్వహణ నియమాల్లో రూల్ 88 ప్రకారం దాన్ని ఎవరైనా చూడొచ్చు, ఫీజు ఒక్క రూపాయి. ఆ ఒక్క రూపాయికి రసీదు రాయాలంటే గుమస్తాలకి ఎంత బద్ధకమో నాకు తెలుసు, అందుకే నోటితో అడక్కు, అర్జీ రాసి తపాల్ సెక్షన్‌లో ఇచ్చి నంబరు వేయించుకో.

లెక్క చేతికొచ్చాక అందరూ ఖర్చుల పేజీలమీదే పడతారు, ఎన్ని కుర్చీలు, ఎన్ని బిర్యానీ పొట్లాలు అని. నీక్కావలసింది షెడ్యూల్ 7, 8, 9. ఏడులో సొంత డబ్బు, ఎనిమిదిలో పార్టీ ఇచ్చింది, తొమ్మిదిలో బయటి మనుషులో కంపెనీలో అప్పుగానో విరాళంగానో ఇచ్చింది. తొమ్మిది ఖాళీగా ఉంటే ఖాళీగా ఉందనే రాయి.

సొంత డబ్బు ఎక్కువ చూపిస్తే నామినేషన్‌తో ఇచ్చిన ఫారం 26 అఫిడవిట్ పక్కన పెట్టుకో. ఆస్తులు, అప్పులు, ఐదేళ్ల ఆదాయం, భార్యాభర్తల ఆదాయ మార్గాలు అన్నీ అందులో ఉంటాయి. చేతిలో 2 లక్షలున్నాయని రాసినాయన 30 లక్షలు సొంతంగా పెట్టానంటే, అవి ఏ డిపాజిట్ తీస్తే వచ్చాయో, ఏ అప్పు చేస్తే వచ్చాయో బ్యాంకు రిజిస్టరులో చూడాలి. ఎన్నికల కోసం విడిగా తెరిచిన ఖాతా వివరాలు ఆ రిజిస్టరులో ఉంటాయి. అభ్యర్థి లెక్కల పుస్తకంలో రోజువారీ లెక్క తెల్ల పేజీలు, నగదు గులాబీ, బ్యాంకు పసుపు. జెరాక్స్ తీస్తే అన్నీ ఒకేలా ఉంటాయి, ప్రతి కాపీ మూలన తె, గు, ప అని రాసుకో, లేకపోతే ఇంటికొచ్చాక జుట్టు పీక్కుంటావు.

అసలు చిక్కు పార్టీ సొమ్ము దగ్గరే. అభ్యర్థికి ఎంతిచ్చిందో పార్టీ కూడా 90 రోజుల్లో ఎన్నికల సంఘానికి చెప్పాలి, రెండూ సరిచూడు. పార్టీకి 20 వేలు దాటి ఇచ్చినవాళ్ల పేర్లు ఏటా ఇచ్చే నివేదికలో ఉంటాయి. పేరు బయటపెట్టకుండా బ్యాంకులో కొని పార్టీలకిచ్చే ఎలక్టోరల్ బాండ్లని 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు కొట్టేశాక, కొన్నవాళ్ల పేర్లు మార్చిలో బయటికొచ్చాయి. 2019 ఏప్రిల్ నుంచి చూస్తే వైసీపీకి సుమారు 337 కోట్లు, టీడీపీకి సుమారు 219 కోట్లు వాటి ద్వారా వచ్చాయి. కుర్రాళ్లు తప్పులో కాలేసేది ఇక్కడే: ఫలానా కంపెనీ పార్టీకిచ్చింది, పార్టీ మన ఎంపీకిచ్చింది, కాబట్టి ఆయన్ని గెలిపించింది ఆ కంపెనీ డబ్బే అని రాసేస్తారు. పార్టీ ఖాతాలో కలిసిపోయాక ఏ రూపాయి ఎవరిదో ఏ కాగితమూ చెప్పదు. అలా రాస్తే లాయర్ నోటీసు నీకొస్తుంది.

ఎంపీ అభ్యర్థి ఖర్చుకి మన రాష్ట్రంలో పరిమితి 95 లక్షలు. నామినేషన్ నుంచి ఫలితం దాకా అయిందే అందులోకి వస్తుంది, అంతకుముందే కట్టి తీసేసిన ఫ్లెక్సీలు రావు, పార్టీ మొత్తానికని పార్టీ చేసుకునే ప్రచారానికైతే పరిమితే లేదు. ఇంత హడావుడి ఇంత తక్కువలో ఎలా అయిందని అనుమానం వస్తుంది, మాకూ వచ్చేది. అందుకే షాడో రిజిస్టరు ఉండేది. వీడియోలో కుర్చీలు లెక్కపెట్టి, జిల్లా రేట్ల ప్రకారం మేం విడిగా ఖర్చు కట్టేవాళ్లం. అభ్యర్థి చూపినదానికీ దానికీ తేడా వస్తే నోటీసు వెళ్తుంది. లెక్కని తనిఖీ చేసి జిల్లా ఎన్నికల అధికారి ఇచ్చిన స్క్రూటినీ రిపోర్టు కూడా అర్జీలో అడుగు, నోటీసుకి అభ్యర్థి ఇచ్చిన జవాబు దొరికితే మిగతా ప్రాజెక్టంతా ఒక ఎత్తు, అదొక్కటీ ఒక ఎత్తు.

ఓడినవాళ్ల లెక్కలూ తెచ్చుకో, ఒక్కరివే చూస్తే ఎక్కువో తక్కువో తెలీదు. పండక్కి వచ్చేటప్పుడు కాపీలు తీసుకురా, కలిసి చూద్దాం.

పెద్దమ్మ