గుడ్లగూబ ఎందుకు చచ్చిందని అడిగే పాపను ఏం చదివించాలి?

ప్రశ్న: సార్, మాది చిత్తూరు దగ్గర పల్లె. పాప ఇంటర్ బైపీసీ సెకండియర్. నిరుడు చెరకు తోటలో ఎలుకల మందు పెట్టిన వారానికి గట్టు మీద గుడ్లగూబ చచ్చి పడుంది. అప్పట్నుంచి పక్షుల మీద, విషాల మీద రీసెర్చ్ చేస్తానంటోంది. నీట్ వద్దంటోంది. ఆ చదువు కూడు పెడుతుందా అని మాకు టెన్షన్.

జవాబు: పాప అనుమానంలో అర్థముంది. బ్రోమాడియోలోన్ లాంటి మందు తిన్న ఎలుక వెంటనే చావదు. కొన్ని రోజులు నీరసంగా తిరుగుతూ గుడ్లగూబకు సులువుగా దొరుకుతుంది. ఆ విషం గుడ్లగూబ ఒంట్లోకీ చేరుతుంది. అయితే మీ గట్టు మీది పక్షి అందుకే చచ్చిందా అంటే, లివర్ పరీక్ష చేయనిదే ఎవరూ చెప్పలేరు. పాప చేస్తానంటున్న పని అదే.

రాబందుల సంగతి చూడండి. 1992, 2007 మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందులు నూటికి 99కి పైగా పోయాయి. పశువులకు వేసే నొప్పి మందు డైక్లోఫెనాక్, అవి తినే కళేబరాల ద్వారా వాటి కిడ్నీలను పాడుచేస్తోందని 2004లో తేలింది. 2006లో ఆ మందును పశువైద్యంలో నిషేధించారు. చచ్చిన పక్షుల కోసం ఎండలో తిరిగినవాళ్లూ, ల్యాబులో కిడ్నీ కోసి చూసినవాళ్లూ ఉండబట్టే అది బయటపడింది. అందుకే కెమిస్ట్రీ అంటే పడని పిల్లలకు ఈ దారి నేను చెప్పను.

దగ్గర్లో మొదట ఏర్పేడులోని ఐసర్ తిరుపతి, అంటే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యా పరిశోధన సంస్థ. దాని ప్రవేశ పరీక్ష ఐఏటీ రాయాలి, డిగ్రీ, పీజీ కలిసిన బీఎస్-ఎంఎస్ 5 ఏళ్లు. సీటు రాకపోతే జువాలజీ, కెమిస్ట్రీ ఉన్న మంచి డిగ్రీ చాలు. తర్వాత ఎమ్మెస్సీకి డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరులో జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీబీఎస్ ఉన్నాయి. పక్షుల్లో పురుగుమందుల అవశేషాల మీద పనిచేసే సాకాన్ కోయంబత్తూరులోనే ఉంది.

డబ్బు మాట దాచను. పీహెచ్‌డీలో జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ వస్తే నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000. చదువు ముగిసేసరికి 28, 29 ఏళ్లొస్తాయి, పర్మనెంట్ ఉద్యోగాలు తక్కువ. ఇంటి అప్పు పాప జీతంతోనే తీరాలంటే తిరుపతిలో బీవీఎస్సీ నయం. పశువుల డాక్టర్‌గా ఉంటూనే పోస్ట్‌మార్టం, విషపరీక్షల వైపు రావచ్చు.

ఈ వేసవి పాపకు ఒక నోటుబుక్కు ఇవ్వండి. ఏ చెట్టు మీద గుడ్లగూబ వాలింది, ఎన్ని గంటలకు, పిల్లలున్నాయా అని రోజూ రాయాలి. ఈకలు, గుడ్లు ముట్టుకోకూడదు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది. మూడు నెలలు విసుగు లేకుండా రాస్తే నాకు ఫోన్ చేయండి. మీరు ఏ తేదీన, ఏ గట్టున, ఏ మందు పెట్టారో అందులోనే రాయించండి. ఆ లెక్క మీకు తప్ప ఎవరికీ తెలీదు.