తొలి రాష్ట్రాల మీద పందెం కట్టే ముందు

చిరంజీవి వంశీకి,

మామయ్య ఆశీస్సులు. ఆదివారం నువ్వు ఫోనులో చెప్పిన మాట అప్పటి నుంచి నా మనసులో మెదులుతూనే ఉంది. 2028 అమెరికా ఎన్నికలకు డెమోక్రాటిక్, రిపబ్లికన్ పార్టీల అధ్యక్ష అభ్యర్థిత్వం ఎవరికి దక్కుతుందో ఇప్పుడే పందెం కడతానని, అందుకు ఐదు వేల డాలర్లు పక్కన పెట్టానని అన్నావు. నేను వద్దనలేదు, సరేననీ అనలేదు. ఇరవై ఏళ్లుగా ఈ పందేలు కడుతున్నవాడిని, అందులోనూ పార్టీ అభ్యర్థుల పోటీలో చాలా ఏళ్లు మొదట ఓటేసిన అయోవా రాష్ట్రంలో స్థిరపడినవాడిని. ఒక్క మాటలో తేల్చే సంగతి కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

ముందు నేను చేసిన పెద్ద పొరపాటు విను.

2020 ఫిబ్రవరి 3, సోమవారం. సాయంత్రం ఏడు గంటలకు మా వార్డు డెమోక్రాట్ల కాకస్ ఒక స్కూలు వ్యాయామశాలలో జరిగింది. కాకస్ అంటే తమ పార్టీ అభ్యర్థి ఎవరో పార్టీవాళ్లు తేల్చుకునే సమావేశం, బ్యాలెట్ పెట్టెలో చీటీ వేసి ఇంటికి పోవడం కాదు. అభ్యర్థి పేరు రాసిన అట్ట పట్టుకుని ఒక్కో మూలన ఒక్కో గుంపు నిలబడుతుంది. తలకాయలు లెక్కపెడతారు. పదిహేను శాతం దాటని గుంపు చెదిరిపోవాలి, అందులోని వాళ్లు మరో గుంపులో కలవాలి. ఆ రాత్రి నాలుగు వందల మందికి పైగా వచ్చాం. అంటే ఒక గుంపు నిలవాలంటే అరవై మందికి పైన కావాలి. బైడెన్ మూలలో లెక్క నలభై దగ్గర ఆగిపోయింది. వాళ్లలో ఒక పెద్దాయన మెడలో మఫ్లరు సర్దుకుంటూ అలాగే నిలబడ్డాడు. పక్క గుంపులోంచి ఇరుగుపొరుగువాళ్లు వచ్చి చేయి పట్టుకుని పిలిచారు. కాసేపు కదలలేదు. చివరికి చేతిలోని అట్టను కుర్చీ మీద బోర్లా పెట్టి క్లోబుషార్ గుంపు వైపు నడిచాడు. నా కళ్లెదుట బైడెన్ పని అయిపోయిందని అనుకున్నాను.

అంతకు ముందు శరదృతువులో నేను పందేల మార్కెట్లో బైడెన్ షేర్లు ఒక్కొక్కటి 27 సెంట్ల చొప్పున నాలుగు వందలు కొన్నాను. ఆయనకు పార్టీ అభ్యర్థిత్వం దక్కితే ఒక్కో షేరుకు డాలరు ఇస్తారు, రాకపోతే సున్నా. అయోవాలో ఆయన నాలుగో స్థానానికి పడిపోయారు, న్యూ హాంప్‌షైర్‌లో ఐదో స్థానానికి. ఆ మర్నాడు నా షేర్లు 11 సెంట్లకు అమ్మేశాను. నాలుగు వందల డాలర్లు కావలసినవి నలభై నాలుగు డాలర్లయ్యాయి. ఫిబ్రవరి 29న సౌత్ కరోలినాలో బైడెన్‌కు 48 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి. రెండో స్థానంలో ఉన్న శాండర్స్‌కు ఇరవై శాతం లోపే. ప్రత్యర్థులలో మర్నాడు బుటిజెజ్, ఆ మర్నాడు క్లోబుషార్ తప్పుకుని బైడెన్ వెనక నిలిచారు. మార్చి 3న పద్నాలుగు రాష్ట్రాలలో పది ఆయనవే.

వ్యాయామశాలలో నేను చూసింది అబద్ధం కాదు. కానీ అది అయోవా మాత్రమే. మా రాష్ట్రంలో ఎనభై శాతానికి పైగా తెల్లవాళ్లే. సౌత్ కరోలినాలో డెమోక్రాటిక్ ప్రైమరీకి, అంటే చీటీ వేసి పార్టీ అభ్యర్థిని ఎన్నుకునే పోలింగుకు, వచ్చేవాళ్లలో సగానికి పైగా నల్లజాతివాళ్లు, బైడెన్ బలమంతా వాళ్లలోనే ఉందని సర్వేలు నెలల తరబడి చెబుతూనే ఉన్నాయి. న్యూ హాంప్‌షైర్‌లో పోలింగ్ ముగియకముందే ఆయన సౌత్ కరోలినాకు బయలుదేరి వెళ్లారు. నేను దాన్ని పారిపోవడంగా చూశాను. ఆయన తన పొలానికి తాను వెళ్లారు. నేను కొనడానికి కారణమే సౌత్ కరోలినా, వంశీ. ఆ కారణం చెక్కుచెదరకుండా ఉండగానే అమ్ముకున్నాను. నేను నష్టపోయింది అక్కడే.

అందుకే నీకు మొదట చెప్పేది: అభ్యర్థుల కంటే ముందు క్యాలెండర్ చదువు. ఏ రాష్ట్రం తర్వాత ఏ రాష్ట్రం, మధ్య ఎన్ని రోజులు, అక్కడ ఓటువేసేవాళ్లు ఎవరు, డెలిగేట్లను, అంటే పార్టీ మహాసభలో అభ్యర్థిని ఎన్నుకునే ప్రతినిధులను, ఎలా పంచుతారు. డెమోక్రాట్లు పదిహేను శాతం దాటినవాళ్లందరికీ దామాషాలో పంచుతారు, కాబట్టి వెనకబడినవాడు కూడా చాలాకాలం బతికి ఉంటాడు. రిపబ్లికన్లలో మార్చి మధ్య నుంచి చాలా రాష్ట్రాలు గెలిచినవాడికే మొత్తం కట్టబెడతాయి, కాబట్టి ప్రత్యర్థులు చీలిపోతే ముప్పై అయిదు శాతంతోనూ దూసుకుపోవచ్చు. 2016లో ట్రంప్‌కు కలిసొచ్చింది అదే. పైగా క్రమం ఎప్పుడూ ఒకేలా ఉండదు. 2024లో డెమోక్రాట్లు మా అయోవాను వెనక్కి నెట్టి సౌత్ కరోలినాను ముందుకు తెచ్చారు. న్యూ హాంప్‌షైర్ మాట వినకుండా తన తేదీకే ప్రైమరీ పెట్టుకుంది. అక్కడి బ్యాలెట్ మీద బైడెన్ పేరే లేదు, జనం చేత్తో రాసి గెలిపించారు.

ఇక ధరల సంగతి. ఎన్నికకు ఏడాది, రెండేళ్ల ముందు కనిపించే ధర చాలావరకు పేరుకు కట్టే ధర. 2007లో దాదాపు ఏడాది పొడవునా దేశవ్యాప్త సర్వేలలో రిపబ్లికన్ల ముందువరసలో ఉన్నది జూలియానీ. తొలి రాష్ట్రాలను పట్టించుకోకుండా ఫ్లోరిడా కోసం ఆగారు, 2008 జనవరి ముగిసేలోపు ఇంటికి వెళ్లారు. 2015లో జెబ్ బుష్ కోసం ఆయన మద్దతుదారుల సంఘం పది కోట్ల డాలర్లకు పైగా పోగుచేసింది. అయోవాలో ఆయనకు మూడు శాతం ఓట్లు కూడా రాలేదు. 2022 నవంబరు తర్వాత కొన్నాళ్లు మార్కెట్లో డిశాంటిస్ ట్రంప్‌ను దాటి నిలబడ్డారు. 2024 జనవరిలో అయోవాలో ట్రంప్‌కు 51 శాతం, డిశాంటిస్‌కు 21.

పడిపోయినవాళ్లలో లేచేవాడెవరో, లేవనివాడెవరో పోల్చుకోవడమే ఈ పందెంలో అసలు విద్య. నేను ఎక్కువకాలం దీని మీదే గడిపాను. 2003 చివర్లో డెమోక్రాట్ జాన్ కెర్రీ ప్రచారానికి డబ్బులేక బోస్టన్‌లో ఇల్లు తాకట్టు పెట్టుకున్నారు. మార్కెట్ అంతా ఆయన ప్రత్యర్థి హోవర్డ్ డీన్ వెంట పరుగెత్తింది. నేనూ ఆ గుంపులోనే ఉన్నాను, డీన్ నా మొదటి పందెం. జనవరి 19న అయోవాలో కెర్రీకి 38 శాతం, డీన్‌కు 18. 2007 వేసవిలో రిపబ్లికన్ మెకెయిన్ దగ్గర డబ్బయిపోయింది, సిబ్బంది వెళ్లిపోయారు, షేరు చిల్లరకు దొరికేది. ఆరు నెలలకు న్యూ హాంప్‌షైర్ గెలిచారు. మరి 2011లో రిక్ పెర్రీ కూడా పడిపోయారు కదా, లేవలేదేం? మూసేస్తానన్న మూడు ప్రభుత్వ శాఖలలో మూడోదాని పేరు చర్చా వేదిక మీద ఆయనకు గుర్తురాలేదు. అంటే జనం ఆయనను చూశాక వద్దనుకున్నారు. కెర్రీ, మెకెయిన్, బైడెన్ అలా కాదు. డబ్బో, వార్తల్లో పేరో తగ్గింది కానీ సొంత పార్టీ ఓటర్లకు వాళ్లంటే మంచి అభిప్రాయం తగ్గలేదు. సర్వేలలో అందరూ మొదటి ప్రశ్న చూస్తారు, ఎవరికి ఓటేస్తారు అని. నువ్వు దాని కింద ఉండే ప్రశ్న చూడు: సొంత పార్టీవాళ్లలో ఎంతమందికి ఇతనంటే ఇష్టం, ఎంతమంది రెండో ఎంపికగా ఇతన్ని చెబుతున్నారు. ఆ అంకెలు గట్టిగా ఉండి ధర మాత్రం పడిపోతే అప్పుడు కొను.

పోలింగ్ రాత్రి కొత్తగా కొనవద్దు. 2008 జనవరి 8న అయోవా గెలిచిన ఊపులో ఒబామా న్యూ హాంప్‌షైర్ కూడా గెలుస్తారని మార్కెట్ తొంభై సెంట్లకు పైన పలికింది. లెక్క తేలాక హిల్లరీకి 39, ఒబామాకు 36.

ఏ మార్కెట్లో కొన్నా, పందేన్ని ఏ లెక్కతో తేలుస్తారో ఆ నియమం మాట మాటా చదువు. మా అయోవాయే నీకు పాఠం. 2012 కాకస్ రాత్రి రామ్నీ ఎనిమిది ఓట్లతో గెలిచారన్నారు. రెండు వారాల తర్వాత తుది లెక్కలో శాంటోరమ్ 34 ఓట్లు ముందున్నారు. 2020లో ఫలితాలు పంపే యాప్ చెడిపోయి ఆ రాత్రి విజేతే లేడు. చివరకు తలకాయల లెక్కలో శాండర్స్ ముందు, డెలిగేట్ల లెక్కలో బుటిజెజ్ ముందు. అయోవా ఎవరు గెలిచారు అన్న చిన్న ప్రశ్నకు రెండు జవాబులు! నువ్వు కొన్న షేరు వీటిలో ఏ జవాబుకు కట్టుబడిందో ముందే తెలిసి ఉండాలి.

నీ ఉపాయం గురించి కూడా చెప్పాలి. గెలవలేని ప్రముఖుల మీద ‘కాదు’ షేరు కొని, అంటే వాళ్లు గెలవరని పందెం కడితే ఖాయంగా డబ్బు వస్తుందన్నావు. ఆలోచన తప్పు కాదు, పోటీలోనే లేనివాళ్ల పేర్లకు కూడా జనం అయిదారు సెంట్లు పెడుతూనే ఉంటారు. కానీ లెక్క వెయ్యి. ‘కాదు’ షేరు 92 సెంట్లకు కొన్నావు, నీ పందెం గెలిస్తే డాలరు, లాభం ఎనిమిది సెంట్లు. ప్రిడిక్టిట్ అనే పందేల మార్కెట్లో చాలా ఏళ్లు లాభంలో పది శాతం, డబ్బు వెనక్కి తీసుకునేటప్పుడు మొత్తం మీద అయిదు శాతం కోసుకునేవారు. అంటే చేతికి వచ్చేది 94 సెంట్ల పైచిలుకు. రెండున్నర సెంట్లు కూడా లేని లాభం కోసం రెండేళ్లు డబ్బు ఇరుక్కుపోతుంది. బ్యాంకులో వేసినా ఇంతకంటే ఎక్కువ వస్తుంది. నువ్వు వాడే మార్కెట్లో కమిషన్ ఎంత, ఇరుక్కున్న డబ్బుకు వడ్డీ ఇస్తారా లేదా, ఈ రెండూ కాగితం మీద రాసుకున్నాకే అడుగు ముందుకు వెయ్యి.

ఇప్పుడు కొంచెం మనసుకు పట్టే మాట. అమ్మ కూడా రిపబ్లికన్ నేత జేడీ వాన్స్ మీద పెట్టమంటోందని అన్నావు. ఆయన భార్య ఉషా వాన్స్ పూర్వీకులది వడ్లూరు. మన తణుకు పక్కనే కాబట్టి ఆ అభిమానం నాకూ ఉంది. ఆ పేరు టీవీలో వినబడితే నేనూ వంట మధ్యలో వచ్చి నిలబడతాను. కానీ ఆ అభిమానం అయోవా ఓటరుకు లేదు. 2019 జూన్ చర్చలో కమలా హారిస్ బైడెన్‌ను నిలదీసిన మర్నాడు ఆమె ధర ఎగసింది. ఇక్కడి మనవాళ్లు ఎంతోమంది ఆ ధరకే కొన్నారు, నాకు తెలిసిన రెండు కుటుంబాలు కూడా. డిసెంబరు 3న, ఒక్క ఓటూ పడకముందే ఆమె తప్పుకున్నారు. మనవాళ్లు అనిపించే అభ్యర్థి మీద అసలు పందెం కట్టకు. గెలవాలని కోరుకో, చందా ఇవ్వాలనిపిస్తే ఇవ్వు. షేరు మాత్రం కొనకు. ధర తప్పని తెలిసినా నీ చేయి అమ్మనివ్వదు.

డబ్బు ఎంత? ఇందులో నేను గట్టిగానే చెబుతాను. నేను నేర్చుకున్నది ఇక్కడి అయోవా విశ్వవిద్యాలయం 1988 నుంచి నడుపుతున్న మార్కెట్లో. అయిదు డాలర్లతో ఖాతా తెరవవచ్చు, అయిదు వందలు దాటి పెట్టనివ్వరు. ప్రిడిక్టిట్‌లోనూ ఒక్కో అభ్యర్థి షేర్ల మీద మొత్తం 850 డాలర్లే హద్దు ఉండేది. ఆ హద్దులే నన్ను కాపాడాయని ఇప్పుడు అనిపిస్తుంది. డీన్ మీద నాకు ఉన్న నమ్మకానికి, హద్దు లేకపోతే ఎంత పెట్టేవాడినో తలచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. 2024 అక్టోబరులో ఎన్నికల పందేలకు కోర్టు అడ్డు తొలగించాక కల్షీ లాంటి పందేల మార్కెట్లలో పెద్ద మొత్తాలు పెట్టే వీలు వచ్చింది. హద్దు ఇక నువ్వే గీసుకోవాలి. అయిదు వేలు వద్దు, వంశీ. అయిదు వందలతో మొదలుపెట్టు. మొదటి వోటు పడేనాటికి అందులో సగానికి మించి ఏ ఒక్కరి మీదా ఉండకూడదు. అద్దె, ఇంటికి పంపే డబ్బు, కార్డు బాకీ, వీటి జోలికి పోవద్దు. హైదరాబాదులోని స్నేహితులు తమ తరఫున కట్టమన్నారన్నావు. ఆ పని అసలు చెయ్యకు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. వాళ్ల డబ్బు నీ ఖాతాలోకి వచ్చిందంటే వాళ్లకూ చిక్కే, నీకూ చిక్కే.

చివరగా ఒక పని చేసిపెట్టు. ఒక నోటుపుస్తకం కొనుక్కో. ప్రతి షేరుకు ఒక పేజీ: ఎంతకు కొన్నావు, ఏ కారణంతో కొన్నావు, ఏది జరిగితే ఆ కారణం పోయినట్టు. నేను 2020లో అది రాసుకుని ఉంటే 11 సెంట్లకు అమ్మేముందు పేజీ తెరిచేవాడిని, సౌత్ కరోలినా అన్న మాట కనబడేది. మొదటి పేజీ రాశాక ఫోటో తీసి నాకు పంపు. అది చదివి నేను ఫోను చేసేదాకా ఏమీ కొనకు.

అక్కయ్యను, బావగారిని అడిగానని చెప్పు.

మీ మామయ్య,
అయోవా సిటీ