జారిపోతున్న వీల్ లాక్ నట్టు

తమ్ముడూ, చక్రం దొంగలు ఊడదీయకుండా వేసే లాక్ నట్టు, దాన్ని తిప్పే ప్రత్యేకమైన కీ అరిగి జారిపోతోందన్నావు కదా. ఇక ఆ నట్టు మీద ఇంపాక్ట్ గన్ (నట్లు కొట్టి తిప్పే మెషిన్) పెట్టనివ్వకు, మిగిలిన గాడి కూడా పోతుంది. ముందు బండి నేల మీదే ఉంచి, వదులు చేసిన మిగతా నట్లన్నీ మళ్లీ బిగించు. బరువంతా ఆ ఒక్కదాని మీద పడితే ఇంకా పట్టేస్తుంది. నట్టు మొదలు దగ్గర డబ్ల్యూడీ-40 (తుప్పు వదిలించే స్ప్రే) కొట్టి రాత్రంతా వదిలెయ్, బ్రేకు డిస్కు మీద మాత్రం పడనివ్వకు. పొద్దున్నే నట్టు తలకంటే కాస్త చిన్నదైన 12 మూలల సాకెట్‌ను సుత్తితో కొట్టి ఎక్కించి, పొడుగు రాడ్డుతో నెమ్మదిగా తిప్పు. కళ్లకి అద్దాలు పెట్టుకో, పెచ్చులు ఎగురుతాయి. నట్టు పైన విడిగా తిరిగే రింగుంటే ఇది పట్టదు, కొరాపుట్‌లో వెల్డింగ్ తెలిసిన మెకానిక్ దగ్గరికే వెళ్లు. సుంకి ఘాట్ దిగి సాలూరు పోయే బండి నీది, నాలుగు చక్రాలకీ మామూలు నట్లే వేయించెయ్.