ఏళ్లుగా వెళ్తున్న క్రూయిజ్ కంపెనీని మారిస్తే పాత మెంబర్‌షిప్ స్థాయి పోతుందా?

కంపెనీ మారినంత మాత్రాన పోదు. రాయల్ కరీబియన్ అనే క్రూయిజ్ కంపెనీ ఇచ్చే సభ్యత్వ పాయింట్లకైతే గడువే లేదు, ఎప్పుడు తిరిగి వెళ్లినా డైమండ్ స్థాయి డైమండే. ఎమ్మెస్సీ అనే మరో క్రూయిజ్ కంపెనీలో మాత్రం మూడేళ్లు ఓడెక్కకపోతే సభ్యత్వం మురిగిపోతుంది.

రాయల్‌లో మామూలు గదికి రాత్రికి 1 పాయింటు, సూట్‌కి 2. డైమండ్‌కి 80, ఆ పైమెట్టు డైమండ్ ప్లస్‌కి 175. మధ్యలో 95 రాత్రులు! ఏటా వారమే తిరిగేవాళ్లకు పదమూడేళ్లు దాటుతుంది. అందుకే పైమెట్టు కోసం ఆగడం దండగ. చేతిలో ఉన్న సౌకర్యాల్లో వాడుకునేవి ఎంత విలువో చూడండి, చాలు.

అమలాపురం నుంచి సింగపూర్ వెళ్లి ఓడెక్కే డైమండ్ దంపతులనే తీసుకుందాం. రోజుకు తలా 4 డ్రింక్ వోచర్లు వస్తాయి. మద్యం అలవాటు లేక రెండేసి కాఫీలే తాగితే, కాఫీ 5 డాలర్లనుకున్నా వారానికి ఇద్దరికీ 140 డాలర్లు. అదే తరహా గది, టిప్పులు, వైఫై అన్నీ కలిపి వేరే కంపెనీలో అంతకంటే ఎక్కువ మిగిలితే మారడమే మేలు. టిప్పులు కలపకుండా పోల్చితే లెక్క తప్పుతుంది.

కొత్తచోట సున్నా నుంచి మొదలెట్టాలన్నది చాలామంది అపోహ. ఎమ్మెస్సీ ఇతర కంపెనీల స్థాయికి సమానమైనది ఇస్తుంది. బుకింగ్‌కు ముందే ఆన్‌లైన్‌లో అడగాలి, వచ్చిన సభ్యత్వ నంబరు బుకింగ్‌లో వేయించాలి. ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరంగా, ఒకచోట పూర్తిగా ఉంటే చిక్కే. పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి.